పరిగెల తొట్టి

పొద్దున్నే పటమటలోని మా ఇంట్లో కుళాయి తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది. ఎవరికైనా అది శుభ్రమైన నీటి వాసన. నాకు మాత్రం ఇప్పటికీ రత్నం గారు గుర్తొస్తారు.

అది డెబ్బైల నాటి మాట. బీఎస్సీ పూర్తి చేసి, విజయవాడకు కాస్త దూరంలో కాలువ గట్టున ఉన్న ఒక చిన్న ఊరి నీళ్ల ప్లాంటులో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. రత్నం గారు అక్కడ సూపర్‌వైజరు, నా పైఅధికారి. కృష్ణలో చేపలు పట్టి బతికిన కుటుంబం వాళ్లది. చదివింది ఐదో తరగతి. పంపు గది పక్కన ఆయనొక సిమెంటు తొట్టి కట్టించారు. అడుగున నది గులకరాళ్లు, వాటి మధ్య గుంపుగా తిరిగే వేలెడంత పరిగె చేపలు. బ్యారేజీ దిగువన రాళ్ల నడుమ తేటనీళ్లలో వాటిని ఆయనే పట్టుకొచ్చారు. మందు కలపకముందే కాలువ నీరు సన్నటి గొట్టంలోంచి ఆ తొట్టిలోకి పారేది.

"వీటికి పాడు నీళ్లు పడవమ్మా" అన్నారు నేను చేరిన రోజున. "రాళ్లల్లో తిరుగుతున్నాయంటే నీళ్లు మంచియ్యి. పైకొచ్చి నోళ్లు తెరిచాయనుకో, ముందు వాల్వు కట్టెయ్. నీ గాజుగొట్టాలు తర్వాత చూసుకోవచ్చు."

"అలాగేనండీ" అన్నాను. లోపల నవ్వుకున్నాను. పట్టా పుచ్చుకున్నదాన్ని, చేపల్ని అడిగి నీళ్లు వదలాలా? చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ సామెత నా కోసమే పుట్టింది.

ఒక వేసవిలో భార్య ఆబ్దికానికని ఆయన రెండు రోజులు సొంతూరు వెళ్లారు. రెండో రోజు పొద్దున నేను వెళ్లేసరికి పరిగెలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. ఆయన మాట గుర్తు రాలేదని చెప్పను. వచ్చింది. కానీ నా పరీక్షలో నీరు బాగానే ఉంది. పాపం, ఆయన లేక ఎవరూ తిండి పెట్టలేదు, ఆకలి మీదున్నాయిలే అనుకుని, నేను తెచ్చుకున్న మరమరాలు గుప్పెడు చల్లాను. రిజిస్టరులో నీరు బాగుందని రాసి సంతకం పెట్టాను.

మధ్యాహ్నానికి పరిగెలు వెల్లకిలా తేలాయి. ఊళ్లో వాంతులు మొదలయ్యాయి. ఎగువన ఎవరో పురుగుమందు డబ్బాలు కాలువలో కడిగారని తర్వాత తెలిసింది. నా గాజుగొట్టాలకు ఆ విషం కనిపించదు. చాలామంది కోలుకున్నారు. ఎదురు సందులో ఇడ్లీలమ్మే ముసలమ్మ కోలుకోలేదు. నాకు రోజూ అడక్కుండానే ఇంకో గరిటె చట్నీ వేసేది. ఆవిడకు ముందునుంచే జబ్బుందని డాక్టరు అన్నారు. ఆ మాట పట్టుకుని బతకాలని చాలా ఏళ్లు చూశాను.

సాయంత్రం రత్నం గారు బస్సు దిగి సరాసరి తొట్టి దగ్గరికి వచ్చారు.

"ఎప్పుడు పైకొచ్చాయమ్మా?"

"నేను చూడలేదండీ."

చచ్చిన చేపల మధ్య నానిపోయిన మరమరాలు ఇంకా తేలుతూనే ఉన్నాయి. ఆయన వాటిని చూశారు. నన్ను చూశారు. మర్నాడు విచారణకు వచ్చిన అధికారులతో, "తొట్టి సంగతి ఆ అమ్మాయికి నేను చెప్పలేదండీ, తప్పు నాదే" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. పదవీ విరమణకు ఏడాది కూడా లేని మనిషిని ఉద్యోగంలోంచి తీసేశారు.

నెల తర్వాత ఏడ్చుకుంటూ ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు.

"నా కోసం అబద్ధమెందుకు చెప్పారండీ?"

"నీ కోసమని ఎవరన్నారు?" తలెత్తలేదు. "నిన్ను తీసేస్తే ఇంకో పట్టా ఉన్నోడొస్తాడు. ఆడూ మరమరాలే ఏస్తాడు. నువ్వు జన్మలో ఎయ్యవు. పో, తొట్టి కడిగి కొత్త పరిగెలు తెచ్చెయ్యి."

కూర్చోమని కూడా అనలేదు. అనకపోవడమే న్యాయం.

మర్నాడే బ్యారేజీ దిగువన మోకాటి లోతు నీళ్లలో దిగాను. రిటైరయ్యేదాకా ఆ తొట్టి చూడకుండా నీళ్లు వదల్లేదు. మూడుసార్లు వాల్వు కట్టేశాను. రెండుసార్లు ఊరికే భయపడ్డానని తేలి, నానా తిట్లూ తిన్నాను. కానీ నిజం ఎవరితోనూ అనలేదు, ఆయన పోయారని తెలిసిన రోజున కూడా. మా ఇంట్లో మరమరాలు ఎందుకు కొనవని పిల్లలడిగితే, పడవని చెప్పేదాన్ని.

ఆ పొద్దున నేను చూశానండీ, రత్నం గారూ. అన్నీ పైకే వచ్చాయి.