మిషనక్క తొంభై ఏడు ఉదయాలు

కుట్టుమిషను ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆమె మిషనక్కే. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమె కూడా ఒక క్షణం ఆలోచించి గానీ పలికేది కాదు. తండ్రి మిషన్ల మెకానిక్కు. ఇద్దరు పిల్లల్లో కొడుకు ఆ నూనె మరకలు చూసి ముఖం చిట్లించుకుని ఉద్యోగం వెతుక్కున్నాడు. కూతురు స్క్రూడ్రైవరు పట్టుకుంది, ఇరవై ఆరేళ్లు వదల్లేదు. మిషను తొక్కుతుంటే వచ్చే చప్పుడు విని, మూత విప్పకుండానే జబ్బు ఎక్కడుందో చెప్పేసేది. మనుషుల మాట మాత్రం సగమే వినేది, అది వేరే సంగతి.

రోడ్డు పక్కన కొట్టు. పొద్దున తొమ్మిదికి షట్టరు లేచేది. వాన పడనీ, జ్వరం రానీ, తొమ్మిదంటే తొమ్మిదే. ఎవరికీ ఫోన్ నంబరు ఇచ్చేది కాదు. ఎందుకివ్వాలి? కొట్టు ఎక్కడికి పోతుంది?

పోయింది. రోడ్డు వెడల్పు చేసేవాళ్లు వచ్చారు, వారం తిరిగేసరికి కొట్టు ఉన్న చోట లారీలు తిరుగుతున్నాయి. ఆమె సామానంతా వెనక సందులో, మూడో మలుపు దగ్గర ఒక గదిలోకి చేర్చుకుంది. దారి తప్పినవాళ్లు తప్ప ఎవరూ రాని సందు అది. ఒంటి మనిషి, వేరే పని చేతకాదు.

అప్పుడు మేనకోడలు సెలవులకొచ్చి ఫోనులో ఒక పేజీ తెరిచి ఇచ్చింది. "అత్తా, ఇక ఇదే నీ షట్టరు. రోజూ ఒక వీడియో పెట్టు. నాలుగు రోజులు పెట్టి మానేస్తే లాభం లేదు. ఒక్కరోజు కూడా మానకూడదు, సరేనా?" అని చెప్పి, హాస్టలుకు వెళ్లిపోయింది.

మానకపోవడం మిషనక్కకు ఒకరు నేర్పాలా? రోజూ తొమ్మిదికి బల్ల మీద మిషను పెట్టి, దాని జబ్బు చప్పుడు వినిపించి, బాగుచేసి, బాగుపడ్డ చప్పుడు వినిపించేది. సందు వెతుక్కుని వచ్చిన ఒకటి రెండు మిషన్లు అయిపోయాక, తండ్రి నాటి పాత మిషన్లను అటక మీది నుంచి దించింది. అవీ అయిపోయాయి. చివరికి బాగున్న మిషనును తనే పాడుచేసి, తనే బాగుచేసి చూపించింది. అంత నిజాయితీ గల మనిషికి ఇది ఎంత నామోషీయో చెప్పక్కర్లేదు.

వీడియో పెట్టగానే భయం మొదలయ్యేది. ఎంతమంది చూశారో ఒక మూల అంకె పడుతుంది. రోజూ ఒకటే పడేది. ఆ ఒక్కరెవరో తెలియదు. ఎవరో దర్జీ అయ్యుంటారని, పని మొదలుపెట్టే ముందు చూసుకుంటారని ఊహించుకుంది. యాభై రెండో రోజు మధ్యాహ్నం దాకా ఆ ఒకటి కూడా పడలేదు. ఆమెకు ముద్ద దిగలేదు. తను ఏమైనా తప్పు చెప్పిందా? ఆ మనిషికి ఒంట్లో బాగోలేదా? సాయంత్రం నాలుగింటికి అంకె పడ్డాక గానీ ఊపిరి ఆడలేదు. అరవై ఎనిమిదో రోజు జ్వరంతో గొంతు పోయింది. మాట రాకపోతేనేం, మిషను పలుకుతుంది కదా అని దాని చప్పుడే పెట్టింది.

ఆమె అన్నయ్య ఒక పెద్ద ప్యాకింగు షెడ్డులో సూపర్‌వైజరు. మంచివాడే, కానీ నోరు తెరిస్తే హితబోధే. ఫోను కొత్తలో, "తెలియనివాళ్ల దగ్గర్నుంచి ఏదైనా వస్తే నొక్కకు. నొక్కావా, నిలువునా దోచేస్తారు," అని భయపెట్టాడు. ఫలానావారు అనుమతి అడుగుతున్నారని అప్పుడప్పుడు ఏవో పేర్లు వచ్చేవి. ఆమె బెదిరిపోయి ఫోను బోర్లా పెట్టేసేది.

తొంభై మూడో రోజు అన్నయ్య షెడ్డులో పనికి దరఖాస్తు కాగితం తెచ్చాడు.

"నెలాఖరులోపు ఇమ్మన్నారు. పెట్టెలకు టేపు వేసే పని. కూర్చునే చెయ్యొచ్చు. ఎన్నాళ్లమ్మా ఈ చీకటి గదిలో?"

"ఇంకొన్నాళ్లు చూస్తాను అన్నయ్యా."

"ఏం చూస్తావు? ముందు ఆ బల్ల సంగతి చూడు. వీడియోలో ఊగి చస్తోంది, కళ్లు తిరుగుతున్నాయి."

మిషనక్క చేతిలో నూనె బుడ్డి ఆగిపోయింది. "నువ్వు చూస్తున్నావా?"

"రోజూ చూస్తాను. బస్సులో సిగ్నలు లేక ఒక్కరోజు ఆలస్యమైందంతే."

యాభై రెండో రోజు. ఇన్నాళ్లూ ఊహించుకున్న దర్జీ లేడు. ఉన్నది అన్నయ్య ఒక్కడే. మేనకోడలికి ఫోను చేసింది. ఆ పిల్ల రెండు ప్రశ్నలు వేసి, "అయ్యో అత్తా!" అంది. మొదట వాళ్ల నాన్న ఒక్కడి ఫోనులో ఎలా కనిపిస్తుందో చూద్దామని, అనుమతి ఇచ్చినవాళ్లే చూసేలా పేజీకి తాళం పెట్టిందట. తీయడం మర్చిపోయిందట. "మరి ఎవరూ అనుమతి అడగలేదా?"

పదకొండు మంది అడిగారు. ఆ పేర్లన్నీ వరసగా అక్కడే ఉన్నాయి.

మిషనక్కకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పొద్దున్నే ముస్తాబై కొట్లో కూర్చుని, బయట తాళం తానే తీయకపోతే ఎవరిననాలి? అన్నయ్య తల గీరుకుంటూ, "నొక్కద్దన్నది నేనే కదా," అన్నాడు. కాదని ఆమె అనలేదు. తాళం తీసేసింది, పదకొండు మందినీ లోపలికి రానిచ్చింది, సందు గుర్తులు రాసిపెట్టింది. వాళ్లు ఈపాటికి వేరే మెకానిక్కును చూసుకునే ఉంటారు. మూడు రోజులైనా ఎవరూ రాలేదు.

తొంభై ఏడో రోజే నెలాఖరు. తొమ్మిది కావడానికి ఇరవై నిమిషాలుంది. కాగితం కోసం అన్నయ్య పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. బల్ల మీద మిషను లేదు. చూపించడానికి ఇక గదిలో ఏమీ మిగల్లేదు. పాడుచేసినదాన్నే మళ్లీ పాడుచేయడానికి మనసొప్పలేదు. అన్నయ్య పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు. సంతకం పెట్టాక వీడియో పెట్టాలా, పెట్టి సంతకం చేయాలా అన్న ఆలోచన ఒక్కటే ఆమె బుర్రలో తిరుగుతోంది. పెన్ను తీసుకుంది.

"మిషనక్క గది ఇదేనా?"

గుమ్మంలో ఒక దర్జీ ఆవిడ స్టాండు నుంచి విప్పిన మిషను తల చంకనెత్తుకుని ఆయాసపడుతోంది. పాత కొట్టుకు రెండేళ్లకోసారి వచ్చే మనిషే.

"నీ కొట్టుకొస్తే అక్కడ రోడ్డుంది. ఎవర్నడిగినా తెలీదన్నారు. ఫోన్లో నీ పేరు కొడితే పేజీ వచ్చింది గానీ తాళమేసుంది. అడిగాను, పలకలేదు."

"తప్పయిపోయిందమ్మా. మరి వేరేవాళ్లకి చూపించలేదా?"

"ఎందుకు చూపిస్తాను? లోపల నువ్వున్నావుగా."

"నీకెలా తెలుసు?"

"వీడియోలు కనబడకపోయినా, ఎన్ని ఉన్నాయో అంకె కనబడుతుంది కదా. నేను అడిగిననాడు పందొమ్మిది. పది రోజులాగి చూశాను, ఇరవై తొమ్మిది. నెల తర్వాత చూస్తే ఇంకో ముప్పై పెరిగాయి. రోజుకొకటి, ఒక్కటి తగ్గలేదు. ఇది మన మిషనక్కే, ఏదో ఒకరోజు తలుపు తీస్తుందిలే అని ఇంట్లో ఉన్న ఇంకో పాత మిషనుతోనే నెట్టుకొచ్చాను. నిన్న చూస్తే తెరుచుకుని ఉంది." ఆవిడ మిషనును బల్ల మీద దించింది. "కుట్టు వదిలేస్తోంది, చూడు."

మిషనక్క చూడలేదు. కళ్లు నిండిపోయి ఏమీ కనబడలేదు. చక్రం మీద చెయ్యి వేసి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పింది, చెవి దగ్గరగా పెట్టింది. రెండోసారి తిప్పింది. జబ్బేమిటో తెలిసింది. రేపు ఏం చూపించాలో మాత్రం ఇంకా తెలియదు, ఆ బెంగ అలాగే ఉంది.

గోడ గడియారం చూసి, గబగబా ఫోను నిలబెట్టింది. బల్ల ఊగింది.

"ఆగు," అన్నాడు అన్నయ్య. దరఖాస్తు కాగితం అందుకుని, నాలుగు మడతలు పెట్టి, వంగి బల్ల కాలి కింద దోపాడు. చేత్తో ఊపి చూశాడు, కదల్లేదు.

తొమ్మిదైంది. మిషనక్క బొత్తాం నొక్కింది.