సిమెంటు మొక్కు

వరంగల్‌లో తాపీ మేస్త్రీలకు కొదవ లేదు గానీ, శౌరయ్యంత మొండి మేస్త్రీ మరొకడు లేడు. అతని వాడలో ఒక చర్చి ఉంది, అతని తాత ఇటుకలు మోసి కట్టింది. మొనదేలిన కమాన్లు, సన్నగా పైకి లాగిన గంట గోపురం, రంగుటద్దాల కిటికీలు. విదేశీ ఫాదర్ ఒకాయన కాగితం మీద గీసిస్తే, ఇక్కడి చేతులు ఇటుకతో, గానుగలో రుబ్బిన డంగు సున్నంతో నిలబెట్టాయి.

పన్నెండేళ్ల కింద శౌరయ్య భార్య సుశీల దవాఖానలో చావుబతుకుల్లో పడింది. "దీన్ని ఇంటికి తోలియ్యి తల్లీ, నీ గుడి గోడలన్ని నా చేతులతోని కొత్తగ జేస్త" అని మరియ తల్లికి మొక్కుకున్నాడు. సుశీల లేచి తిరిగింది. ఇక మన శౌరయ్యను ఎవరాపుతారు! పాత సున్నమంతా గీకి పారేశాడు. తల్లి గుడికి మళ్లీ సున్నమేంటని లోపలా బయటా మందంగా సిమెంటు పట్టించాడు. ఆ క్రిస్మస్‌కు వచ్చినవాళ్లందరూ ఔరా అన్నారు. శౌరయ్య కాళ్లు నేల మీద నిలవలేదు.

అదే కొంప ముంచింది. సున్నం గోడ చెమ్మను పీల్చి బయటికి వదిలేస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేసింది. మొన్న ఇంజనీరు ఒక స్తంభానికి పెచ్చు ఊడదీస్తే లోపల ఇటుక పిండి పిండిగా రాలింది. "ఎవలు చేసిన్రయ్య ఈ పని?" అన్నాడాయన. పక్కనే నిలబడ్డ శౌరయ్య వంగి, రాలిన పిండిని పిడికిట్లోకి ఎత్తుకున్నాడు. బాగుచేసే దారి లేదట, సోమవారం కూలగొడతారట.

ఆదివారం ఆఖరి పూజ. అది మొదలుకాకముందే శౌరయ్య చేసిన పాపాలు ఫాదర్‌కు చెప్పుకునే పాపసంకీర్తనానికి పోయి, ఆయన కూర్చున్న చెక్క జాలీ పక్కన మోకరించాడు. అన్నం సయించి నాలుగు రోజులైంది పాపం.

"గుడిని నేనే సంపిన ఫాదర్. నా సిమెంటే సంపింది. పాపక్షమాపణ ఇయ్యుండ్రి."

ఫాదర్‌ది చిన్న వయసు. "తెలిసి చేసినవా పెద్దయ్యా?"

"అయ్యో, పాణం పెట్టి చేసిన!"

"మరి అది పాపమెట్లయితది? పొరపాటు. ఫికర్ చెయ్యకు, ఇంటికి పో."

"గట్లనకుండ్రి. ఏదన్న శిక్షెయ్యుండ్రి."

"పాపం లేంది దేన్ని క్షమించాలె, దేనికి శిక్షెయ్యాలె?"

శౌరయ్య జాలీని రెండు చేతులా పట్టుకున్నాడు. అతని వెనక వరుసలో ఎవరో దగ్గారు.

"కావాల్ననే చేసిన ఫాదర్. గుడి కూలాల్ననే చేసిన."

"అబద్ధమాడకు పెద్దయ్యా," అన్నాడు ఫాదర్ మెల్లగా. "లే. వెనక మంది ఉన్నరు."