పిడుదులున్నాయా అని డాక్టరమ్మ అడిగిన రోజు

మా వీధి పశువుల డాక్టరమ్మ పోయిన మంగళవారం ఉదయం చనిపోయింది. గుండె జబ్బుతో రెండు రోజులు బళ్ళారి ఆసుపత్రిలో ఉందట. నేను స్కూలుకు బయలుదేరుతూ టిఫిను డబ్బా సర్దుకుంటుంటే, మా ఆయన ఫోను చూసి "డాక్టరమ్మ పోయిందంట" అన్నాడు. పది నెలలుగా ఆమెతో నేను మాట్లాడలేదు. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

మా ఊరు సిరిగేరికి ఆమె సర్కారు ఉద్యోగం మీద వచ్చింది. బర్రెలకూ ఎద్దులకూ వైద్యం చేస్తూ ఇక్కడే రిటైరై, చెల్లెలితో కలిసి ఇక్కడే ఉండిపోయింది. ఆ తరువాత ఇంటి వసారాలోనే కుక్కలను చూసేది. మనుషులతో తెలుగులో, లారీ డ్రైవర్లతో ఉర్దూలో, కుక్కలతో మాత్రం కన్నడంలో మాట్లాడేది. సూది గుచ్చేముందు "ఆయ్తు, ఆయ్తు" అంటుండేది. అయిపోయింది, అయిపోయింది అని. ఇంకా మొదలే పెట్టలేదు కదమ్మా అంటే, "దానికి తెలీదులే" అని నవ్వేది.

మూడేళ్ల కిందట మా ఆయన కంప్లి నుంచి ఒక నల్ల కుక్కపిల్లను తెచ్చాడు. కరియ అని పేరు పెట్టుకున్నాం. దానికి ఏ సూదులు వేయించాలో, ఏ పరీక్షలు చేయించాలో ఫోనులో వెదికి, పొడవాటి పట్టీ రాసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. ఒక్కటి మానినా పిల్ల దక్కదేమోనని నా భయం. ఆమె ఆ పట్టీ చూడనే లేదు.

"కుక్క యాడ పండుకుంటాదమ్మా?" అంది.

"వసారాలో."

"మడికాడికి పోతాదా?"

"మా ఆయనెంట దినామూ పోతాది."

"కాలవ నీళ్లు తాగుతాదా?"

"తాగుతాది."

పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి మూడు గడులు గీసింది. బేకు, బేడ, నోడోణ అని పైన రాసింది. కావాలి, వద్దు, చూద్దాం. ఆఫీసులో ఏళ్ల తరబడి కన్నడం రాసిన చేయి అది. మొదటి గడిలో పిచ్చికుక్క రోగం సూది రాసి, "దీని మీద మాటే లేదు. ఒక బర్రెకు వచ్చింది చూసినా. ఇంగొకసారి చూడలేను" అంది. దాని కింద కుక్కపిల్లలకొచ్చే పార్వో, డిస్టెంపరు రోగాలకు కలిపి వేసే సూది. దాని కింద ఎలుకజ్వరం సూది. నా పట్టీలో దాని పక్కన నేను ప్రశ్నగుర్తు పెట్టుకున్నాను.

"మడిగట్ల నిండా ఎలుకలుండాయి. ఆ నీళ్లే ఇది తాగుతాది. దీనికొస్తే మీకూ అంటుకుంటాది. టౌనులో మేడ మీద పెరిగే కుక్కయింటే నేనూ ఆలోచన చేద్దును."

కడుపులో పురుగుల కోసం మలపరీక్ష కావాలంది. చాలా కుక్కలను ఒకచోట ఉంచినప్పుడు అంటుకునే దగ్గుకు సూది వద్దంది. ఒంటికి పట్టి నెత్తురు తాగే పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి చేసే రక్తపరీక్షను మూడో గడిలో రాసింది. "ఊరికే ఎందుకు గుచ్చేది? పిడుదులు కనపడి, జరమొచ్చి, తిండి మానితే ఆ పొద్దే పంపిద్దాం. కుక్క నోరు తెరిచి చెప్పదు. నువ్వు చెప్పేదాన్ని బట్టే నేను సూది ఎత్తల్ల."

ఆ కాగితాన్ని మా వంటింటి తలుపు వెనక అంటించాను. నా భయం తగ్గింది. ఒక ప్రాణాన్ని సాకడానికి అన్నీ చేయించనక్కరలేదని, అది బతికే చోటు తెలిస్తే చాలని నాకు నేర్పింది ఆమే.

మరుసటి ఎండాకాలం కరియ చెవిలో ఆమెకు పిడుదులు కనపడ్డాయి. "పిడుదులకు నెలనెలా మందు వేయమంటి కదమ్మా. ఇన్ని పట్టేదాకా ఏం చేస్తాండావు?" అంది. కోపంగా కూడా అనలేదు. కానీ వసారాలో మరో నలుగురున్నారు, అందులో స్కూల్లో నేను పాఠం చెప్పే పిల్లవాడి తల్లి ఒకామె. నాకు తల కొట్టేసినట్టయింది.

పోయిన ఏడాది కోతలూ పరీక్షలూ ఒక్కసారే వచ్చాయి. రెండు నెలలు మందు వేయడం మానేశాను. ఒకరోజు కరియ ముందుకాలి వేళ్ల సందున నాలుగు పిడుదులు కనపడితే పీకి, కిరసనాయిల్లో వేశాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. వారం తిరక్కుండానే అది తిండి మానింది.

డాక్టరమ్మ దాని పొట్ట మీద చేయి పెట్టి చూసింది. "మెయి కాలుతాండాది. పిడుదులేమన్నా కనపడినాయా?"

వసారాలో ఆరోజు కూడా మనుషులున్నారు.

"లేవమ్మా" అన్నాను.

"మందు వేస్తాండావా?"

"నెలనెలా వేస్తాండా."

ఆమె చెవుల వెనక వెంట్రుకలు పాయలు తీసి చూసింది. నా ముఖం వైపు చూసింది. "సరే, ఎండదెబ్బ అయింటాది. రెండు దినాలు చూద్దాం. తినకపోతే తీసుకురా, రక్తం పంపిద్దాం" అంది.

ఆ రెండు రోజుల్లో ఎప్పుడైనా వెళ్లి నిజం చెప్పి ఉండవచ్చు. నాలుగిళ్ల దూరం. రేపటికి తింటుందిలే, చెప్పాల్సిన పని ఉండదు అనుకున్నాను. మూడో రోజు ఉదయం దాని ముక్కు నుంచి రక్తం కారింది. కారులో బళ్ళారికి తీసుకెళ్ళాం. అక్కడ పరీక్ష చేసి, పిడుదుల జ్వరమే, ముందే తెచ్చి ఉండాల్సింది అన్నారు. తిరిగి వచ్చే దారిలో కరియ మా ఆయన ఒళ్లోనే పోయింది.

మర్నాడు ఆమె వసారాకు వెళ్ళాను. "రక్తం ఎందుకు పంపించలేదు? మీ వల్లే పోయింది మా కరియ" అన్నాను, అందరికీ వినపడేట్టు.

ఆమె చేతులు కడుక్కుంటూ ఉంది. తువాలుతో మెల్లగా తుడుచుకుని, "ఔనమ్మా. పంపించాల్సింది. నాదే తప్పు" అంది.

ఆ మాట వినగానే నాకు తేలికైంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ క్షణాన తేలికే అయింది.

ఆ తరువాత కొంచెం ఒళ్లు వెచ్చగా ఉన్న ప్రతి కుక్క రక్తాన్నీ ఆమె బళ్ళారికి పంపించసాగింది. డాక్టరమ్మకు వయసైపోయింది, ఆమె మీద ఆమెకే నమ్మకం లేదు అని వీధిలో అనుకున్నారు. కొందరు వెళ్లడం మానేశారు. మా ఎదురింటామె తన కుక్కపిల్లకు రాయించుకున్న కాగితం చూపించింది. అందులో గడులు రెండే ఉన్నాయి. చూద్దాం అనే నోడోణ లేదు.

చెప్పాలని ఒకసారి ఆమె గేటు దాకా వెళ్ళాను. లోపల ఎవరి కుక్కకో సూది వేస్తూ నన్ను చూసి చేయెత్తింది. చూడనట్టే ముందుకు నడిచాను.

సమాధి అయ్యాక అందరమూ వాళ్ల ఇంటికి తిరిగి వచ్చాం. ఆమె చెల్లెలు లోపలి గదిలో ఒంటరిగా కూర్చుని ఉతికిన చీరలు మడుస్తూ ఉంది. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. వేళ్ల సందున పిడుదులూ, కిరసనాయిలూ, నెలనెలా వేస్తాండా అన్న మాటా.

ఆమె చీర మడత ఆపలేదు. ఇంకొకటి అందుకుంటూ అంది: "ఎన్నిసార్లు అనిందో నీకు తెల్దు. 'ఆ కుక్కకు చెవులే చూస్తిని, కాళ్లు చూడకపోతిని' అని."

"అక్కా, నేను..."

"ఇప్పుడు నాకు చెప్తే ఏమమ్మా. ఆమెకు చెప్పాల్సింది."

నన్ను పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. నేనే లేచి బయటికి వచ్చాను.

వీధిలో షామియానా విప్పుతున్నారు. దాని నీడలో పొద్దుటి నుంచి వీధికుక్కలు పడుకుని ఉన్నాయి. బట్ట కిందికి దిగుతుంటే ఒక్కొక్కటే లేచి గోడ వైపు వెళ్ళాయి. ముసలిదొకటి మాత్రం లేవలేదు. తాళ్లు విప్పే మనిషి దాన్ని అదిలించలేదు. బట్ట దాని మీద పడకుండా పక్కకు లాగి, దాని చుట్టూ తిరిగి మడుచుకుంటూ పోయాడు. అది ఎండలో అలాగే, కాళ్లు చాపుకుని పడుకుని ఉంది.