అప్పన్నకి నేను మార్చి చెప్పిన కథ

నలభై మూడు డిసెంబరులో, మధ్యాహ్నం రెండూ ఇరవైకి, విజయనగరం స్టేషన్లో దిగాం. నలభై రెండు మందిమి. ఒక్కొక్కడికి రెండు కంబళ్లు, ఒక ఎనామిల్ మగ్గు, ఒక ఇనుప టోపీ, ఒక పార. రైఫిల్ మాత్రం ఇద్దరికి ఒకటి. లారీలు తూర్పుకు తిరిగాయి. పదకొండు మైళ్లు పోయాక ఎర్ర ఇసుక నేల వచ్చింది. తాటిచెట్లు, జీడితోటలు, వాటి అవతల సముద్రపు హోరు. అక్కడ విమానాలు దిగడానికి మైదానం చదును చెయ్యాలని ఆర్డరు. పొడవు రెండు వేల గజాలు. వానలు పడేలోగా పూర్తి కావాలి.

నేను బర్మాలో యుద్ధం చేశానని మా ఊళ్లో ఇప్పటికీ అనుకుంటారు. నిజానికి బెంగుళూరులో శిక్షణ ఇచ్చి సైన్యం నన్ను పంపింది మా ఇంటికి ముప్పై మైళ్ల దూరానికి. ఉన్నన్నాళ్లూ ఒక్క తూటా కాల్చలేదు. కానీ ఒక మనిషికి అన్యాయం చేశాను. మీరు అడిగారు కాబట్టి అదే చెబుతాను.

మాది రాజాం దగ్గర రైతు కుటుంబం. నేను స్కూలు ఫైనల్ చదివాను. ఇంగ్లీషు వచ్చు కాబట్టి నాయక్ హోదాకి చేతిమీద రెండు చారలిచ్చి, కెప్టెన్ దగ్గర గుమాస్తాగానూ దుబాసీగానూ పెట్టారు. దళంలో మా ఊరివాడు ఇంకొకడున్నాడు, అప్పన్న. ఏడాది పొడుగునా ఒకే రైతింట పడి పనిచేసే మనిషిని మా వైపు కంబారి అంటాం. అప్పన్న తాత మా ఇంటి కంబారి. తండ్రీ అంతే. అప్పన్న కూడా పన్నెండో ఏటి నుంచి మా ఎడ్ల వెనకే ఉన్నాడు. నేను సైన్యంలో చేరిన రోజు నన్ను బండి మీద రాజాం దించడానికి వచ్చాడు. ఛాతీలు కొలిచేవాడు నా వెనక నిలబడ్డ అప్పన్ననీ కొలిచాడు. నాకంటే రెండంగుళాలు ఎక్కువ వచ్చింది. వాణ్ణీ చేర్చుకున్నారు.

జనవరి రెండో వారంలో అమెరికన్లు వచ్చారు. పన్నెండు మంది, నాలుగు యంత్రాలు. పన్నెండు మందీ నల్లవాళ్లే, వాళ్ల లెఫ్టినెంటు ఒక్కడే తెల్లవాడు. వాళ్ల సైన్యంలో తెల్లవాళ్ల దళాలు వేరు, నల్లవాళ్ల దళాలు వేరట. మా కెప్టెన్ కూడా వాళ్ల గుడారాలు మాకు దూరంగా, జీడితోట చివర వేయించాడు.

పెద్ద బుల్‌డోజరు నడిపే సార్జంటు పేరు ఐజాక్. ఆరడుగుల మనిషి. నెమ్మదిగా మాట్లాడేవాడు. యంత్రం నడపడం నేర్పడానికి మాలో ఒకణ్ణి ఇమ్మన్నాడు. నేను ముందుకు వచ్చాను. ఆ యంత్రం వచ్చిన దగ్గర్నుంచీ దాని మీద కూర్చోవాలని నాకు ఆశ. మూడు రోజులు కూర్చోబెట్టాడు. మూడో రోజు దించేశాడు.

"నువ్వు మీటల వంక చూస్తున్నావు. నేల వంక చూడటం లేదు" అన్నాడు.

తర్వాత అప్పన్న ఎక్కాడు. పది నిమిషాల్లో దిబ్బ ఒకటి చెక్కేసి, బ్లేడు పైకెత్తి వెనక్కి వచ్చాడు. ఐజాక్ టోపీ తీసి నవ్వాడు.

ఆ రోజు నుంచి నా పని కింద నిలబడటం. పైన వాళ్లిద్దరూ, కింద దుమ్ములో నేను, ఇంజను మోతలో ఆయన మాటల్ని తెలుగులో అరుస్తూ. నెల తిరిగేసరికి ఆ అరుపు కూడా అక్కర్లేకపోయింది. ఆయన గడ్డం ఎత్తితే చాలు, వీడు మీట లాగేవాడు. చదునైనంత మేర అప్పటికే చిన్న విమానాలు దిగుతున్నాయి. మధ్యాహ్నం వైర్‌లెస్ గుడారం ముందు నుంచి వెళ్తుంటే లోపల పైలట్‌కీ వైర్‌లెస్ మనిషికీ మధ్య మాటలు వినిపించేవి.

"దిగడానికి చోటు ఖాళీయేనా?"

"యంత్రం ఉంది. అయిదు నిమిషాలాగు."

"ఎవరు నడిపేది?"

"అప్పన్న."

"అప్పన్నా? అయితే భయం లేదు."

ఎక్కడో ఆకాశంలో ఉన్న తెల్ల పైలట్ నోట మా కంబారి పేరు. నా పేరు ఆ పెట్టెలోంచి ఒక్కసారీ రాలేదు. కడుపులో మంట అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అన్నం తినేటప్పుడు కూడా వాడి పళ్లెంలోకి చూసేవాణ్ణి, వంటవాడు వాడికి ఎక్కువ వేశాడేమోనని.

రోజూ పదకొండున్నరకి సైరన్ మోగేది. శత్రు విమానాలు వచ్చాయనుకుని కందకాల్లోకి దూకడం, గంటసేపు అక్కడే ఉండటం. అభ్యాసమే కానీ ఎగ్గొడితే శిక్ష. కందకం నడుము లోతు. పైన తాటి దూలాలు, ఇసుక బస్తాలు. ఐజాక్, అప్పన్న, నేను ఒకే కందకం. ఫిబ్రవరిలో ఒకరోజు ఐజాక్ తన తాత సంగతి చెప్పాడు. నేను ఒక్కో ముక్కా తెలుగులో పెట్టాను.

"మా తాత కెంటకీలో పుట్టాడు. బానిస. ఆయన దొర పొగాకు నేలల్లో సారం తగ్గిపోయింది. పడమట కొత్త భూములున్నాయని అందరూ పోతుంటే దొర కూడా బండ్లు కట్టాడు. దొర కుటుంబం బండ్లలో, మా తాతా ఇంకా ఎనిమిది మందీ నడక. యాభై రోజులు. తాతకప్పుడు తొమ్మిదేళ్లు. వాళ్లమ్మ ఇంకో దొర సొత్తు కాబట్టి అక్కడే ఉండిపోయింది. ఆమెను మళ్లీ చూడలేదు."

అప్పన్న మోకాళ్ల మీద గడ్డం ఆన్చుకుని వింటున్నాడు.

"తాతకి పదహారు వచ్చేసరికి అక్కడి నది అవతల ఇంకో పెద్ద నేల తెరిచారు. ఇప్పటి మా రాష్ట్రం, కాన్సాస్. కొత్త నేల కలిసినప్పుడల్లా మా దేశంలో ఒకటే తగాదా. ఇక్కడ బానిసల్ని పెట్టుకోవచ్చా, కూడదా? కాన్సాస్ దగ్గర అది తుపాకుల దాకా వచ్చింది. పెట్టుకుంటామనేవాళ్లు ఒకవైపు నుంచి వచ్చి ఊళ్లు కట్టారు, ఒప్పుకోమనేవాళ్లు ఇంకోవైపు నుంచి వచ్చి కట్టారు. ఒకరి ఇళ్లు ఒకరు తగలబెట్టుకున్నారు. తర్వాత దేశమంతా అదే యుద్ధం."

"ఆ నేల అంతకుముందు ఎవుల్దట?" అని అడిగాడు అప్పన్న.

నేను ఇంగ్లీషులో అడిగాను. "వేరే జనానిది. వాళ్లని ఇంకా దూరం తోలేశారు. అది మా తాత కూడా చెప్పేవాడు కాదు" అన్నాడు ఐజాక్.

"కొత్త నేలకి పాత తగువే అట్టుకెల్లారన్నమాట" అన్నాడు అప్పన్న. "మరి మీ తాతేటైనాడు?"

ఐజాక్ చెప్పాడు. దొర తాతని నది దాటించి కొత్త పొలం దున్నించాడు. ఒకరోజు పొద్దున్న తాత చాలు మధ్యలో నాగలి వదిలేశాడు. ఎవరికీ చెప్పలేదు. బానిసల్ని ఒప్పుకోమనేవాళ్ల ఊరివైపు నడిచి వెళ్లిపోయాడు. ఆరు మైళ్లు. తిరిగి రాలేదు.

అప్పన్న నా మొహం వంక చూస్తున్నాడు, మాట కోసం. వాడి కళ్లు మెరుస్తున్నాయి. అంతకుముందు వాడి కళ్లు అలా ఉండగా నేను చూడలేదు. నాకు మా మెట్టపొలం, మా ఎడ్లు, వాటి వెనక వాడూ కనబడ్డారు. అప్పుడు నా నోటివెంట ఇలా వచ్చింది:

"దొరకి చెప్పుకున్నాడట. దొర సరే వెళ్లమన్నాడట. అప్పుడు వెళ్లాడట."

"సెప్పి ఎల్లాడా?" అన్నాడు అప్పన్న. కళ్లలో మెరుపు తగ్గింది. "అయితే ఆ దొర మంచోడే."

సరిగ్గా పన్నెండున్నరకి సైరన్ మళ్లీ మోగింది. పైకెక్కి పనిలోకి పోయాం.

మార్చిలో మా నాన్న నన్ను చూడటానికి వచ్చాడు. రెండు రోజులు బండి తోలుకొచ్చాడు. గేటు దగ్గర నాతో మాట్లాడుతూనే బుల్‌డోజరు మీద అప్పన్నని చూశాడు.

"ఒరే అప్పన్నా! దిగు. ఎడ్లు దప్పిక మీదున్నాయి, నీల్లెట్టు."

అప్పన్న దిగాడు. ఇంజను ఆడుతూనే ఉంది. ఇనుప టోపీ తీసి చంకలో పెట్టుకుని వచ్చి, ఎడ్లు విప్పి తొట్టి దగ్గరకి తోలుకెళ్లాడు.

"ఈన్నెప్పుడు ఒగ్గుతార్రా?" అని నాన్న నన్నడిగాడు. "వచ్చే ఏడు దమ్ములకైనా అందుకుంటాడా? మనిసి నేక సస్తన్నాం."

ఐజాక్ యంత్రం దగ్గర నిలబడి అంతా చూశాడు. సాయంత్రం నన్ను పిలిచాడు.

"ఆ ముసలాయన అప్పన్నకి ఏమవుతాడు?"

"మామ" అన్నాను.

"మామ కోసం టోపీ తీసి చంకలో పెట్టుకుంటారా మీ వైపు?"



ఏప్రిల్ మూడో తారీకు ఉదయం తొమ్మిదింటికి కెప్టెన్ నన్ను లోపలికి రమ్మన్నాడు. ఉత్తరాదిలో యంత్రాల శిక్షణ ఉంది. ఆరు నెలలు. పాసైతే ఆపరేటరు హోదా, యుద్ధం అయ్యాక కూడా పనికొచ్చే సర్టిఫికెట్టు. మా దళం నుంచి ఒక్కడికే చోటు. ఐజాక్ అప్పన్న పేరు రాసిచ్చాడు.

"నువ్వు వాడి ఊరివాడివి. వాడికి వెళ్లాలని ఉందా?" అన్నాడు కెప్టెన్.

"లేదు సార్. ఇంటికి పోయి వ్యవసాయం చేసుకుంటానంటున్నాడు" అన్నాను. కెప్టెన్ ఎర్ర పెన్సిలుతో పేరు కొట్టేశాడు. ఇంకెవరైనా ఉంటే వారం లోపల చెప్పమన్నాడు. నా పేరు చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. మూడు రోజులకే నన్ను దించేసిన సంగతి గుర్తొచ్చి ఆగిపోయాను. నాకు దక్కదని తెలుసు. వాడికీ దక్కలేదు కదా అని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అది దాచి లాభం లేదు.

అయిదు రోజుల తర్వాత అమెరికన్లకి బదిలీ ఆర్డరు వచ్చింది. లారీలు పదింటికి బయల్దేరాలి. తొమ్మిదింటికి ఐజాక్ మా గుడారానికి వచ్చాడు. "మా తాతని మరిచిపోవద్దని అప్పన్నకి చెప్పు" అన్నాడు నాతో. నేను నోరు తెరిచే లోపలే ఆగమని సైగ చేసి, తనే చేసి చూపించాడు. నాగలి మేడి పట్టుకున్నట్టు పిడికిళ్లు బిగించి నాలుగడుగులు దున్నాడు. ఆగాడు. పిడికిళ్లు విప్పాడు. అటూ ఇటూ చూశాడు. వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. పక్కకి తిరిగి, గుడారం దాటి నడిచిపోయాడు. ఆ నడక అలాగే లారీ దాకా సాగింది. ఎక్కి కూర్చుని చెయ్యి ఊపాడు.

అప్పన్న లారీల దుమ్ము అణిగేదాకా కదల్లేదు. తర్వాత నావైపు తిరిగాడు.

"సెప్పి ఎల్లనేదు కదా సూరిబాబూ."

నేను లారీలు పోయిన దారి వైపు చూశాను.

"నువ్వు సెప్పి ఎల్లాడన్నావు."

"మర్చిపోయాన్రా. ఇంజను మోతలో..."

"కందకంలో ఇంజనేటి?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఇంకేటేటి మార్సినావు?"

వాడు నన్ను కొడితే బాగుండుననిపించింది. కొట్టలేదు. అలా నిలబడే ఉన్నాడు. మామ అన్న సంగతి చెప్పాను. శిక్షణ సంగతి చెప్పాను. కెప్టెన్‌తో నేనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎందుకు?"

"నువ్వు ఎక్కినావు, నన్ను దించీసినారు. ఓర్సుకోలేకపోనాను."

కన్నవాళ్ల దగ్గర కూడా ఒప్పుకోని మాట, మా ఇంటి మాటలోనే వచ్చేసింది. అప్పన్న చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. టోపీ సర్దుకున్నాడు. కెప్టెన్ గుడారానికి నడిచాడు. వెనకే నేను. లోపల వాడు సెల్యూట్ కొట్టి తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ వాడాడు. సార్, నేను, వెళ్తాను, యంత్రం.

కెప్టెన్ నా వంక చూశాడు. "వెళ్లనన్నాడని నువ్వే కదా చెప్పావు?"

"అబద్ధం చెప్పాను సార్."

వారం గడువుకి ఇంకా రెండు రోజులున్నాయి. అప్పన్న పేరు మళ్లీ రాశారు. నా చారలు తీసేశారు. మిగిలిన వేసవంతా పార పట్టుకుని గులకరాళ్లు పరిచాను. నిజం చెప్పేశాక కుళ్లు పోతుందనుకున్నాను. పోలేదు. వాడు రైలెక్కిన రోజు ఇంకా పెరిగింది.

యుద్ధం అయిపోయింది. నలభై ఆరు మార్చిలో బెంగుళూరులో మమ్మల్ని విడుదల చేశారు. వాల్తేరులో రైలు మారి పెట్టెలోకి ఎక్కితే ఎదురు బెంచీలో అప్పన్న. చేతికి రెండు చారలు. అప్పుడే బూట్లు తుడుచుకున్నట్టున్నాడు. పక్కకి జరిగి చోటిచ్చాడు. చుట్టూ ఉన్న జనం యంత్రాల గురించి వాణ్ణే అడిగారు. నేను కూడా సిపాయినేనని ఎవరికీ తట్టలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

"మన ఊరికని చీపురుపల్లిలో దిగుతావు కదా?" అన్నాను చివరికి.

"నేదు. టాటానగర్ ఎల్తన్నాను. అక్కడ పనిచ్చినారు. అమ్మని తరవాత తీసుకెల్తాను. మీ నాయన నాయుడుబాబుకి నువ్వే సెప్పు." కొంచెం ఆగి నవ్వాడు. "ఈసారి మార్సకు."

చీపురుపల్లిలో నాలుగూ నలభైకి దిగాను. కుడిచేతిలో రేకు పెట్టె, ఎడమ చంకలో కంబళ్లు. నాన్న బండి కట్టుకుని స్టేషను బయటే ఉన్నాడు, గొంతు వినిపిస్తోంది. వెనక నుంచి "సూరీ" అని పిలుపు. బాబూ అనకుండా నన్ను వాడు పిలవడం అదే మొదలు. తిరిగి చూశాను. కిటికీలోంచి అప్పన్న కుడిచెయ్యి చాపాడు. సైన్యంలో సమానులు ఒకరికొకరు ఇచ్చుకున్నట్టు.

పెట్టె కింద పెట్టాలి. అంతే. అందులో ఉన్నవి రెండు చొక్కాలు, ఒక దుప్పటి. బరువు లేదు. నేను నాన్న గొంతు వైపు ఒకసారి చూశాను. పెట్టె పిడి మీద నా వేళ్లు బిగుసుకున్నాయి. రైలు కదిలింది.

వాడు చెయ్యి వెంటనే తీసుకోలేదు. ప్లాట్‌ఫారం దాటేదాకా, గూడ్సు షెడ్డు దాటేదాకా అది కిటికీ బయట అలాగే ఉంది, అరచెయ్యి నావైపు, వేళ్లు విప్పి.