మూడో పాట కింద గొంతు

మా రెండో ఆల్బమ్ వచ్చిన వారానికే అభిమానులు మమ్మల్ని ఉతికి ఆరేశారు. అప్పటిదాకా మాది చెవుల్లో తుప్పు వదిలించే పాప్ పంక్. గెంతడం, అరవడం, మూడు నిమిషాల్లో ముగించడం. ఈసారి నెమ్మదిగా వాయించాం. డ్రమ్స్ కొట్టేది నేనే కాబట్టి తిట్లలో పెద్ద వాటా నాకే వచ్చింది. "అన్నా, గీ జోలపాటలేంది? మస్తు లొల్లి చేసెటోళ్లు, గప్పుడే ముసలోళ్లయిన్రా?" అని ఒకడు రాశాడు. సమీక్షకులు మాత్రం పరిణతి వచ్చిందని ఆకాశానికెత్తారు. పరిణతీ లేదు, పాడూ లేదు. మా పాటలు రాసి పాడే మిత్రుడు ఆల్బమ్ మధ్యలోనే చనిపోయాడు. ఆ తర్వాత అరిచే ఓపిక మా ఎవరికీ లేకపోయింది, అంతే. వాడు బతికుండగా మొదలుపెట్టిన పాట మూడోది ఒక్కటే.

పొగడ్తల్లో ఒకటి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. మూడో పాటలో పక్క గదిలోంచి వస్తున్నట్టుండే రెండో గొంతు అద్భుతమని ఒక సమీక్షకుడు మెచ్చుకున్నాడు. మేం రెండో గొంతు పెట్టనే లేదు. మిత్రుడి స్థానంలో పాడింది మా గిటారిస్టు ఒక్కడే. రెండు రోజుల్లో అభిమానులూ అందుకున్నారు. "భాయ్, ఎనకాల పాడుతున్నదెవరు? ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇనబుద్ధి అయితలేదు," అని ఒకమ్మాయి రాసింది.

మలక్‌పేటలో బండి తీసి జల్‌పల్లి వెళ్లాను. అక్కడ గిటారిస్టు ఇంటి మీది గదే మా స్టూడియో. ఇంకా సున్నం వేయని గోడలు, వాటికి మేకులతో కొట్టిన పాత బొంతలు. పక్క మసీదు మైకులో వచ్చే రెండు అజాన్ల మధ్య దొరికిన సమయంలోనే రికార్డింగ్. కంప్యూటర్లో పాట తెరిచి గిటారిస్టు గొంతును ఆపేశాం. అయినా ఎవరో పాడుతున్నారు. గిటార్లు ఆపేశాం. అప్పుడూ పాడుతున్నారు. చివరికి నా డ్రమ్స్ ఆపేస్తేనే ఆ గొంతు ఆగింది.

తప్పు నాదేనని అప్పుడు అర్థమైంది. పాట రికార్డు చేసేముందు దారి చూపడానికి ఒకసారి ఊరికే పాడి పెట్టుకుంటాం, దాన్నే గైడ్ అంటాం. దాన్ని హెడ్‌ఫోన్లో వింటూ నేను కొడతాను. ఏళ్ల తరబడి చేసిన హోరుకి నా చెవులు సగం పోయాయి, అందుకే హెడ్‌ఫోన్ శబ్దం ఎప్పుడూ నిండా పెట్టుకుంటాను. అందులోంచి బయటికి కారిన మిత్రుడి గొంతును డ్రమ్స్ ముందున్న మైకులు పట్టేశాయి. పాత పాటల్లోనూ ఇలాగే కారి ఉంటుంది, కానీ ఆ రొదలో ఎవరికి వినిపిస్తుంది? ఈసారి నేను మెల్లగా కొట్టాను కాబట్టి వాడు పైకి తేలాడు.

"నువ్వు డ్రమ్స్ మళ్ల కొట్టు భాయ్, గిది చెరిపేసి పాట మార్చి పెడ్తా. జనం దయ్యం అంటున్రు," అన్నాడు గిటారిస్టు. గైడ్ ఫైలు మేం ఎప్పుడో చెరిపేశాం. ఇది కూడా పోతే మిత్రుడు చివరిగా పాడిన పాట ఇంకెక్కడా ఉండదు. వాళ్లమ్మను అడగకుండా ముట్టుకోనని చెప్పాను.

సైదాబాద్‌లో ఆమె ఇంట్లో కూర్చుని జరిగిందంతా చెప్పి, డ్రమ్స్ మాత్రమే ఉన్న ఫైలు ఫోన్లో పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"మావోడు కాదు బిడ్డా," అంది.

"వాడేనమ్మా. నా ముందల్నే పాడిండు."

"కన్నదాన్ని, నాకు తెల్వదా? మళ్ల పెట్టు." ఈసారి ఒక పొడుగాటి వాక్యం దగ్గర చెయ్యెత్తింది. "గీడ ఊపిరి తీస్కోవాలె వాడు. తీస్కుంటలేడు."

చిన్నప్పటి నుంచీ వాడికి ఆయాసం. మా పాటల్లో మాటలు తునకలు తునకలుగా ఉండడానికి అసలు కారణం అదే. మేం దాన్ని స్టైలని చెప్పుకుని తిరిగాం, జనం కూడా నమ్మారు. ఆ ఆయాసమే చివరికి వాణ్ని తీసుకుపోయింది. ఆ రోజు గైడ్ పాడుతూ ఈ వాక్యం దగ్గర రెండుసార్లు ఆగాడు, దగ్గాడు. నాకు బాగా గుర్తుంది.

ఫోన్ చెవికి ఆనించుకున్నాను. ఆ వాక్యం మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపిరిలో, ఎక్కడా తెగకుండా సాగింది. నా దెబ్బల చప్పుడు వాడి ఊపిరిని కప్పేసిందేమో అనుకుందామంటే, ఆ వాక్యం మీద నేను అసలు కొట్టను, ఊరికే కూర్చుంటాను. భయపడ్డాను, దాచుకోవడమెందుకు.

ఆమె భయపడలేదు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆ వాక్యం అయిపోయేదాకా తను కూడా ఊపిరి బిగబట్టి విన్నది.

"ఇప్పుడు ఆయాసం లేనట్టుంది బిడ్డా వానికి," అంది.