టీవీవాళ్ళు తవ్విన మా పెరడు

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన ఊరంతా చెబుతాడు. నిజమే. కూరగాయల బండివాడి తూకం నమ్మను. గ్యాస్ బండ సీలు చూసుకోందే గుమ్మం దాటనివ్వను. అలాంటి నా ఇంటికి, నేను పుట్టి పెరిగిన ఇంటికే, పాత కట్టడాలు తవ్వి చూపించే టీవీ కార్యక్రమంవాళ్ళు వచ్చారు. మీ పెరట్లో ఫ్రెంచివాళ్ళ కాలంనాటి గోదాము పునాదులు ఉండొచ్చు, మూడు రోజులు తవ్వుకుంటాం అన్నారు.

"ఉత్తినే తవ్వి ఉత్తినే పూడ్చి పోతారా? ఇందులో ఏదో ఉంది" అన్నాను.

"టీవీలో మన ఇల్లు చూపిస్తారే" అన్నాడు మా ఆయన. అప్పటికే మంచి చొక్కా ఇస్త్రీకి ఇచ్చేశాడు.

నా లెక్క నాకుంది. లంకెబిందెలు దొరికితే వ్యానులో వేసుకుపోతారు. ఏమీ దొరక్కపోతే, జేబులో తెచ్చుకున్న పాత నాణెం మట్టిలో పడేసి దొరికిందంటారు. రెండూ కాకపోతే ఈ స్థలం సర్కారుదని ఏదో ఒక కాగితం వస్తుంది. అందుకని షరతులు పెట్టాను. నా కళ్ళముందే తవ్వాలి. ప్రతి తట్ట మట్టీ నా ఎదుటే జల్లెడ పట్టాలి. ఏది దొరికినా ముందు నా చేతికి రావాలి. యాంకరు అమ్మాయి నవ్వుతూ అన్నిటికీ సరేనంది. అంత తేలిగ్గా ఒప్పుకోవడం కూడా నాకు నచ్చలేదు.

కుర్చీ వేసుకుని గోతి పక్కనే కూర్చున్నాను. వాళ్ళతో వచ్చిన చరిత్ర మాస్టారు చిన్న కుంచెతో ఇటుకముక్కల మీద మట్టి దులుపుతూ రెండు రోజులు గడిపాడు. వీధిలో జనం గోడ మీంచి తొంగిచూశారు. రెండోరోజు ఆ జనంలోంచి ఒక ముసలావిడ లోపలికొచ్చి గోడవార చతికిలబడింది. దగ్గర్లోని జాలరుల ఊరు దరియాలతిప్ప మనిషి. నా చిన్నప్పుడు మా ఇంట్లో చేపలు పోసేది. ఆవిణ్ణి చూడగానే అరుగుమీదున్న నా ఫోను తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆలోచించి చేసింది కాదు, చెయ్యి దానంతటదే వెళ్ళింది.

దానికో కథ ఉంది. మా తాతగారు ఫ్రెంచి దొర దగ్గర గుమస్తా. ఆ దొర ఇచ్చిన చిన్న వెండి డబ్బీలో నాయనమ్మ కుంకుమ పోసుకునేది. దాని మూతమీద ఫ్రెంచి అక్షరాలు చెక్కి ఉండేవి. నాకు పదకొండేళ్ళప్పుడు గోదారికి పెద్ద వరదొస్తుందన్నారు. అమ్మ వెండంతా మూటగట్టి అటకెక్కించింది. సాయంపట్టింది ఈ చేపలావిడే. వరద తీసేలోపు నాయనమ్మకి పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. మూట దించి చూస్తే డబ్బీ లేదు.

"డబ్బీ ఎక్కడుందండీ అత్తయ్యా?" అని అమ్మ నాయనమ్మని అడిగింది. నాయనమ్మ అతికష్టం మీద చెయ్యెత్తి పెరటి గుమ్మం వైపు చూపించింది. మా ఇళ్ళల్లో చేపలబుట్ట వీధిగుమ్మంలోంచి రాకూడదు, పెరటి గుమ్మంలోంచే రావాలి. సరిగ్గా అప్పుడే చేపలావిడ అక్కడ బుట్ట దించుకుంటోంది.

అమ్మ ఇంకేం అడగలేదు. ఒక్క నన్నే అడిగింది, "అది ఒక్కతే మూట దగ్గరుండడం చూశావా?" అని. చూశానన్నాను. చూడలేదు. అమ్మ అంత కోపంగా అడిగేసరికి అవునంటే సరిపోతుందనిపించింది.

ఆ తర్వాత మా వీధిలో ఎవరూ ఆవిణ్ణి గుమ్మం తొక్కనివ్వలేదు. మెట్టకూరు దాకా నడిచి అమ్ముకునేదట. ఇన్నేళ్ళూ నేను కూడా ఆవిడే తీసిందని నమ్మాను. నా అబద్ధాన్ని నేనే నమ్మేశాను.

మూడోరోజు మధ్యాహ్నం పార ఏదో రేకు డబ్బాకి తగిలి ఖంగుమంది. మాస్టారు తీసి చూసి ఉసూరుమన్నాడు.

"పాలపిండి డబ్బా అమ్మా. పాతదేం కాదు" అని షరతు ప్రకారం నా చేతికిచ్చాడు.

తుప్పుపట్టిన మూత ఊడదీశాను. లోపల పూలగుడ్డ, నా చిన్నప్పటి పరికిణీ ముక్క. దాంట్లో వెండి డబ్బీ. కుంకుమ గట్టిపడిపోయి ఉంది.

వరదొస్తే ఇల్లు పోయినా నేల పోదని, నాయనమ్మ కాలంవాళ్ళు వెండీ బంగారం పెరట్లో పాతిపెట్టేవారు. కోడలు కట్టిన మూట మీద నమ్మకం లేక, అందులోంచి డబ్బీ తీసి ఎవరికీ చెప్పకుండా పాతేసిందన్నమాట. ఆ రోజు నాయనమ్మ చెయ్యి చూపించింది మనిషిని కాదు, నేలని. నిజం చెప్పాలంటే, ముందు డబ్బీని కొంగులో దాచేద్దామనిపించింది.

యాంకరమ్మాయి ఆ అక్షరాలు చూసేసింది. "ఫ్రెంచి దొరసాని నగల డబ్బీ! మేడమ్, ఆ డబ్బా, గుడ్డా తీసేసి ఒట్టిదాన్నే మళ్ళీ మట్టిలో పెట్టి తీద్దాం. విజువల్ బాగుంటుంది."

చూశారా, నా అనుమానం ఊరికే పోలేదు! కానీ గెలిచానన్న సంతోషం రాలేదు. ఇది మా నాయనమ్మదని, మా అమ్మ పొరబడి ఈవిడ మీద నింద వేసిందని కెమెరా ముందే చెప్పేశాను. ఆవేళ కూడా వచ్చి గోడవారే కూర్చున్న ముసలావిడ దగ్గరికెళ్ళి డబ్బీ చాపాను.

ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. "వద్దండమ్మాయిగారూ. నా చేతిలో చూస్తే నేనే తీశానంటారు. మా కోడలు ఇప్పటికీ నేను గదిలోకొస్తే బీరువా తాళం ఏసేసుకుంటాదండి."

లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి కూర్చున్నాను. దగ్గరనుంచి ఫొటో తీసుకుంటామని టీవీవాళ్ళు అంటే డబ్బీ వాళ్ళ చేతికిచ్చి వెళ్ళాను. నా జన్మలో నేను కాపలా కాయని పది నిమిషాలు అవే.

కొన్నాళ్ళకి కార్యక్రమం వచ్చింది. నా మాటలు ఒక్కటీ లేవు. మట్టిలోంచి ఒట్టి డబ్బీ మెరుస్తూ పైకొచ్చింది. దొరసానిదన్నారు. మా ఆయన చొక్కా మాత్రం రెండుసార్లు కనబడింది.

తెల్లారి ఆటో అతను చెప్పాడు. దరియాలతిప్పలో అందరూ చూశారట. "దొరికింది దొరసానిదంట. మరి ఈవిడ తీసిందెక్కడుందో" అని నవ్వుకుంటున్నారట. అదే ఆటోలో బయల్దేరాను. డబ్బా, గుడ్డముక్క, డబ్బీ సంచిలో పెట్టుకున్నాను.

ఆవిడ వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు రొయ్యలు ఒలుస్తున్నారు. ఆవిడా వాళ్ళ మధ్యే కూర్చునుంది. నిలబడే మొదలుపెట్టాను. పాలపిండి డబ్బా చూపించాను, పరికిణీ ముక్క చూపించాను. ఈవిడ తియ్యలేదు, టీవీలో చెప్పింది తప్పు, అప్పుడు మా అమ్మ పొరబడింది అన్నాను. ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకొచ్చారండీ?" అంది. నేనైనా అదే అడిగేదాన్ని.

ముసలావిడ ఏడవలేదు. చేతులు కడుక్కుని లేచి, ఇంటి గుమ్మం దగ్గరికెళ్ళి తలుపు బార్లా తెరిచింది.

"అమ్మాయిగారూ, ఇంకోసారి చెప్పండి. కాస్త గట్టిగా. మా కోడలు లోపలుంది."

మళ్ళీ మొదటినుంచీ గట్టిగా చెప్పాను. ఈసారి, చూడకుండానే చూశానన్నది నేనేనని కూడా చెప్పాను.