వడ్లు పోయని కల్లం

నెక్కొండ చుట్టుపక్కల కల్లం చేయాలంటే రాజక్కనే పిలిచేవారు. వరి కోతలు మొదలయ్యాయంటే ఎవరో ఒకరు ఆమె వాకిట్లో నిలబడి, "రాజక్కా, జర మా కల్లం దిక్కు రారాదే" అని బతిమాలేవారు. ఆమె నేలను తడిపించి, ఎడ్లతో తొక్కించి, చదును చేసి, పేడతో అలికితే అది కంచం అడుగులా నున్నగా తేలేది. పని మొదలుపెట్టే ముందు చిటికెడు పసుపు చల్లి, "తల్లీ, నీ మీద కాళ్లు వెడ్తున్నం, కోపం జెయ్యకు" అని భూదేవికి మొక్కుకోవడం ఆమె అలవాటు.

ఆ రాజక్క పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, ఎవరి వడ్ల కోసమూ కాకుండా, తన పెరట్లోనే కల్లం చేయబూనింది. కారణం కూతురు అరుణ.

అరుణ బడిలో టెన్నికాయిట్ ఆడేది. రబ్బరు రింగును వల మీదుగా విసిరి పట్టుకునే ఆట. రింగు గాలిలో తేలుతూ వస్తుంటే ఆ పిల్ల కూడా తేలుతూనే ఎదురు వెళ్లేది. చేను నుంచి వచ్చే రాజక్క గడ్డిమోపు నెత్తిన పెట్టుకునే బడి గోడ పక్కన నిలబడిపోయేది. మోపు బరువు గుర్తుకొచ్చేది కాదు.

కిందటి ఎండాకాలం, నెర్రెలు వారిన రేగడి నేలలో అరుణ పాదం ఇరుక్కుని మడమ విరిగింది. వరంగల్ దవాఖానలో కట్టు విప్పిన రోజు డాక్టరు, "బొక్క మంచిగ అతికింది. ఇగ ఉరకమనుండ్రి" అన్నాడు. అరుణ ఉరకలేదు. గోడ పట్టుకుని నడిచేది. ముందు కళ్లతో నేలంతా వెతికి, ఆ తరువాతే పాదం మోపేది.

పక్కింటి బడేబీ రోజూ సాయంత్రం నువ్వుల నూనె వేడి చేసి తెచ్చి, ఆ మడమను తన ఒడిలో పెట్టుకుని రుద్దేది. "బేటీ, కాలుకేం కాలే. దిల్‌కు నూనె రాయాల్నంటె నేను యాడికెళ్లి తేవాలె?" అనేది.

తన బిడ్డ బతుకంతా నేలకు భయపడుతూనే నడుస్తుందా? రాజక్కకు అదొక్కటే బెంగ. మంచి నేల చూపిస్తే భయం దానంతట అదే పోతుందనుకుంది.

మాఘమాసంలో ఆమె భర్త కట్టయ్య ఎడ్లను తోలాడు. దారిన పోయే అమ్మలక్కలు ఊరుకుంటారా?

"వడ్లు లేని కల్లమేందే రాజక్కా? ఏం తూర్పార వడ్తవ్?"

"మా పొల్ల భయాన్ని తూర్పార వడ్త. పొట్టు మీ ఇండ్లల్లకే కొట్టుకొస్తది, తలుపులేస్కోండ్రి!"

అలికిన నేల పొద్దుటెండలో మెరుస్తుంటే, ఆకాశమే కాసేపు దిగివచ్చి పెరట్లో పడుకున్నట్టుండేది. అరుణ గడపలో నిలబడి చూసి, తల్లితో "ఎండకాలం రానియ్యే అవ్వా" అంది.

ఉగాది దాటగానే నేల పగిలింది. మొదట వెంట్రుకంత, తరువాత వేలు పట్టేంత, ఆపైన అరచేయి దూరేంత. కల్లం కొద్ది రోజుల చుట్టం. వడ్లు ఇల్లు చేరాక అది ఏమైందో ఎవరూ తిరిగి చూడరు. అన్ని కల్లాలు చేసిన రాజక్క కూడా ఎన్నడూ చూడలేదు. అరుణ గడప దాటబోయిన పాదాన్ని లోపలికి లాక్కుంది.

బడేబీ కొడుకు గౌస్ పాషా రైలు పట్టాల మీద గ్యాంగులో పనిచేసేవాడు. తల్లి చెబితే వచ్చి, నెర్రె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, రేగడి వానకు ఉబ్బుతది, ఎండకు ముడుసుకుంటది. పైపైన పూస్తె ఆగది. తవ్వి తీసేసి మొరం నింపాలె. మా లైను కింద గూడ గంతే."

"పెరడంత తవ్వాల్నా తమ్మీ?"

"ఫికర్ వెట్టుకోకు. ఐతారం నాకు డ్యూటీ లేదు."

రాజక్క పసుపు చల్లింది, గౌస్ పాషా 'బిస్మిల్లా' అని గడ్డపార దించాడు. కట్టయ్య గుట్ట నుంచి గులకరాళ్ల మట్టిని, ఆ మొరాన్ని, బండితో తోలాడు. పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ పరిచారు. వేళాకోళం చేసిన అమ్మలక్కలే తమ పనులు ముగించుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి తలా కాసేపు దిమ్మిస అందుకున్నారు. నీళ్లు నిలవకుండా గౌస్ పాషా ఒక పక్కకు వాలు పెట్టి కాలువ తీశాడు. పిల్లల పాదాలకు రాళ్లు గుచ్చుకోకుండా రాజక్క ఎర్రమన్ను జల్లించి పైన పరిచింది.

వానలు వచ్చాయి. ఊరంతా రేగడి బురద కాళ్లను పట్టి లాగుతుంటే, పెరట్లో నేల మాత్రం తలంటు పోసుకున్న పసిబిడ్డలా శుభ్రంగా ఉండేది. వాడపిల్లలు వల కట్టి ఆడేవారు. అరుణ గడపలో కూర్చుని పాయింట్లు చెప్పేది.

"నువ్వు రావేందే?" అని పిల్లలు అడిగితే మళ్లీ అదే మాట: "ఎండకాలం రానియ్యి."

మధ్యాహ్నం కునుకులో రాజక్కకు కలలొచ్చేవి. కలలో రింగు కింద పడకుండా పెరడంతా తిరిగేది. దాని వెనుక అరుణ పాదాలు, నేలకు తగిలీ తగలనట్టు.

ఎండాకాలం రానే వచ్చింది. చేలన్నీ నోళ్లు తెరిచాయి. ఒకరోజు తెల్లవారగానే, కళ్లాపి చల్లడానికి పేడ పిసుకుతూ రాజక్క పెరట్లోకి చూసింది. గోడ వైపు అంచున సన్నని నెర్రె.

ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు. చేతిలో పేడ ఉంది. ఒక్క పూత పూస్తే కనబడదు. వంగింది. కానీ రేపు పిల్ల కనిపెడితే? ఇక ఏ నేలనూ నమ్మదు, అవ్వనూ నమ్మదు. చేయి గాలిలోనే ఆగిపోయింది. "తల్లీ, ఏం జెయ్యమంటవ్?" అని నేలనే అడిగింది.

"ఏందవ్వా అది?"

వెనుక గోడ పట్టుకుని అరుణ.

"నెర్రె బిడ్డా" అంది రాజక్క.

అరుణ మెల్లగా కూర్చుంది. నెర్రెలో వేలు పెట్టింది. గోరు మునిగింది, అంతే. కింద గట్టి మొరం తగిలింది. ఇంకో చోట పెట్టింది. అక్కడా అంతే. ఆ గీత వెంట వేలు పోనిచ్చి, అది ఆగిపోయే దాకా చూసింది.

"గింతేనానే?"

"గింతే."

అరుణ లేచి, విరిగి అతికిన పాదాన్నే తీసుకెళ్లి ఆ నెర్రె మీద మోపింది. బరువంతా వేసి నిలబడింది. గోడ మీది చేయి ఎప్పుడు వదిలిందో ఆమెకే తెలిసినట్టు లేదు. లోపలికి వెళ్లి రింగు తెచ్చింది.

"అవ్వా, అవుతల నిలవడు."

"నాకేడొస్తదే? చేతులకు పేడున్నది."

"ఉండనీ తియ్యి!"

రింగు పొద్దుటి వెలుతురులో తేలుతూ వల దాటి వచ్చి, రాజక్క భుజం పక్కనుంచి వెళ్లిపోయి, కాలువ దాకా దొర్లింది. ఆమె చేతులైనా ఎత్తలేదు.

"నా కాళ్ల దిక్కేం జూస్తవే అవ్వా? రింగు జూడు!" అంటూ అరుణ ఆమె పక్కనుంచే రింగు కోసం ఉరికింది.